ముందే చెప్పిన స్తోత్రం

మా ఆయన థాంక్స్ చెప్పేశాక కూడా సీటు ఇవ్వకపోతే అది దేవుడికే మర్యాద కాదని మస్కట్‌లో మా తెలుగు సంఘం మొత్తానికీ ఒక అభిప్రాయం ఉంది. పైకి ఎవరూ అలా అనరు. కానీ మా సెలిన్‌కి యూనివర్సిటీలో సీటు వచ్చిందని ఇవాళ్టికీ మస్కట్‌లో నమ్ముతున్నవాళ్ళు అందరూ ఆ సంఘంలోనే ఉన్నారు.

మాలో ఒక పద్ధతి ఉంది. కావలసింది అడిగి ఊరుకోకూడదు. అడిగింది చేతికి అందకముందే అందిందని నమ్మి, పదిమందిలో లేచి నిలబడి కృతజ్ఞత చెప్పేయాలి. దాన్ని విశ్వాస సాక్ష్యం అంటారు. వీసా స్టాంపు పడకముందే వీసా కోసం, స్కానింగుకి వెళ్ళకముందే కడుపులో బిడ్డ కోసం సాక్ష్యం చెప్పేసినవాళ్ళని చూశాను. నిజమైతే అందరికీ గుర్తుంటుంది. కాకపోతే మర్యాదగా మర్చిపోతారు.

మా పక్క ఫ్లాట్ అక్తరీ బేగం గారిది కడప. ఆవిడ ఏం చెప్పినా చివర్లో ఇన్‌షా అల్లా అంటుంది. రేపు కరివేపాకు ఇస్తానన్నా అంతే. ఆ మాటలో ఒక కిటికీ తెరిచి ఉంటుంది. అనుకున్నది జరగకపోతే మనిషి అందులోంచి గౌరవంగా బయటికి వచ్చేయొచ్చు. మాకా సౌకర్యం లేదు. మేము తలుపులూ కిటికీలూ మూసేసి, గడియ పెట్టి, అప్పుడు ప్రార్థన మొదలుపెడతాం.

మా ఆయన యెహెజ్కేలు ఒక ప్రైవేటు ఆస్పత్రి స్టోర్స్‌లో పనిచేస్తారు. పేరు పెద్దది, గొంతు చిన్నది. చేపల మార్కెట్లో కుళ్ళిన వంజరం అంటగట్టినా వాడికి సలాం చెప్పి తెచ్చుకునే మనిషి. అలాంటి ఆయన చర్చిలో సాక్ష్యానికి లేస్తే మాత్రం మైకు అక్కర్లేదు. పెళ్ళైన కొత్తలో ఆ గొంతు విని మురిసిపోయాను. ఇంట్లో అది రాదని తర్వాత తెలిసింది.

సెలిన్ మాకు ఒక్కతే కూతురు. మేముండే వాడి కబీర్ ప్రాంతంలోని స్కూల్లో పన్నెండో తరగతి దాకా బాగానే చదివింది. చివరి పరీక్షల్లో ఫిజిక్స్ దెబ్బకొట్టింది. తను చేరాలనుకున్న పెద్ద యూనివర్సిటీ ఆ మార్కులు చూసి వద్దంది. ఇక మిగిలింది మబేలాలో ఉన్న కమ్యూనిటీ కాలేజీ. రెండేళ్ళ డిప్లొమా, మెడికల్ ల్యాబ్. ఆ కాలేజీ ఎవర్నీ కాదనదు. ఆ ఒక్క మంచి గుణం వల్లే దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. కింద టైర్ల దుకాణాలు, పైన క్లాసులు. రక్తకణాల గురించి లెక్చరర్ చెబుతుంటే కింద చక్రాలకి గాలి పడుతున్న చప్పుడు వినిపిస్తుందట.

"మంచిదే మమ్మీ, ఎవరికీ నిద్ర రాదు" అనేది.

రెండేళ్ళూ ఒక్కటే పట్టుదల. క్లాసులో మొదటి స్థానం, తర్వాత పెద్ద యూనివర్సిటీలో మూడో సంవత్సరంలోకి మారిపోవడం. బయటి కాలేజీల నుంచి అలా తీసుకునేది బాగా తక్కువమందిని, అందులోనూ మనలాంటి పరాయి దేశస్థుల్ని ఇంకా తక్కువ. అయినా మొదటి స్థానం వచ్చింది. అప్లికేషను పెట్టింది.

అది రాకపోతే ఏమిటన్నది కూడా ఆ పిల్ల ఆలోచించుకునే ఉంది. ఈమధ్య కమ్యూనిటీ కాలేజీవాళ్ళే సొంతంగా మూడో సంవత్సరం పెట్టారు. అది చేస్తే ఏదో ఒక ల్యాబ్‌లో ఉద్యోగానికి తలుపు తెరుచుకుంటుంది. ఉత్త రెండేళ్ళ డిప్లొమాని మాత్రం ఎవరూ చేత్తో ముట్టుకోరు. సీట్లు కొద్దిగానే ఉన్నాయి. క్లాసులో పైన ఉన్నవాళ్ళకి ముందు ఇస్తారు కాబట్టి సెలిన్ పేరు మొదటే ఉంది. ఆ కాలేజీ అడ్మిషన్ల ఆఫీసులో పనిచేసే స్యాం మా సంఘంలో అబ్బాయే. "ఆంటీ, సెలిన్ సీటు ఎక్కడికీ పోదు, అది నా టేబుల్ మీదే ఉంది" అని వాడు నాతో రెండు మూడుసార్లు అన్నాడు కూడా.

జూలైలో యూనివర్సిటీవాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ ఎండలో ఇస్త్రీ చేసిన బట్టలు కారు ఎక్కేలోపే నలిగిపోయాయి. మేమిద్దరం బయట కూర్చున్నాం. లోపల ముగ్గురు. అరగంట తర్వాత సెలిన్ బయటికి వచ్చి నీళ్ళు తాగింది.

"ఎలా జరిగింది?" అన్నాను.

"చాలా మర్యాదగా మాట్లాడారు మమ్మీ. అదే భయంగా ఉంది."

"ఏం అడిగారు?"

"రెండేళ్ళ కిందట మా దగ్గరికే ఎందుకు రాలేదు అన్నారు."

"ఏం చెప్పావు?"

"వచ్చాను, మీరే తీసుకోలేదు అన్నాను."

మా ఆయన కళ్ళు మూసుకున్నారు.

"నవ్వారా?" అన్నాను.

"ఒకాయన నవ్వారు. పక్కనున్నావిడ రాసుకున్నారు."

ఆ తెలివి నా దగ్గర్నించి వచ్చిందేనని మా ఆయన చూపుతోనే చెప్పారు. నేను కిటికీలోంచి ఖర్జూరపు చెట్లు చూశాను.

తర్వాత రోజులు గడుస్తున్నాయి, కబురు లేదు. సెలిన్ ఫోను చేతిలోంచి దించేది కాదు. స్నానానికి వెళితే సబ్బుపెట్టె పక్కనే ఫోను. అన్నం తగ్గించింది. అడిగితే ఉక్కపోత అనేది. మా ఆయన చూస్తూ ఉండేవారు. ఆయనకి యూనివర్సిటీలో తెలిసినవాళ్ళు లేరు, ఆస్పత్రిలో ఆయన మాట వినేవాళ్ళు లేరు. కూతురికి ఆయన చెయ్యగలిగిన సాయం ఒక్కటే ఉంది. అది ఆ శుక్రవారం చేసేశారు.

మా ఆరాధన రువిలో, చర్చిల కాంపౌండులో. ఒకే హాలు వాటాలు వేసుకుని వాడుకుంటాం. మలయాళీలు వెళ్ళాక మేము, మేము వెళ్ళాక ఫిలిప్పీన్స్‌వాళ్ళు. మా పాస్టరుగారికి వారమంతా ఏసీల కంపెనీలో డ్యూటీ. శుక్రవారం మాత్రం మమ్మల్ని చల్లబరుస్తారు. ఆయన "ఎవరైనా సాక్ష్యం చెప్పేవారున్నారా" అన్నప్పటికే బయట ఫిలిప్పీన్స్‌వాళ్ళు గిటార్లు భుజాన వేసుకుని అద్దంలోంచి లోపలికి చూస్తున్నారు. త్వరగా తేల్చమని దానర్థం.

మా ఆయన లేచారు.

"మా అమ్మాయి సెలిన్‌కి పెద్ద యూనివర్సిటీలో మూడో సంవత్సరంలో సీటు అనుగ్రహించిన దేవునికి స్తోత్రం" అన్నారు. ఆ గొంతు. వెనక వరసల్లో కునికేవాళ్ళు కూడా కళ్ళు తెరిచారు.

హాలంతా చప్పట్లు. ఎవరో సిస్టర్ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. ఆ చెయ్యి ఎవరిదో చూడకుండానే "వందనాలండీ" అన్నాను. సెలిన్ తన చెప్పుల వంక చూసుకుంటోంది. చప్పట్లు ఆగేదాకా తల ఎత్తలేదు.

కారులో వెనక సీట్లోంచి అడిగింది. "డాడీ, నాకు ఇంకా రాలేదు కదా?"

"వచ్చినట్టేనమ్మా."

"వచ్చినట్టా, వచ్చిందా?"

"విశ్వాసంలో ఆ రెండూ ఒకటే."

"యూనివర్సిటీలో వేరు వేరు డాడీ."

"మీ అమ్మలా మాట్లాడకు" అన్నారు. నేను అప్పటికి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తప్పు చెయ్యకుండా దొరికిపోవడం పెళ్ళైన ఆడవాళ్ళకి కొత్త కాదు.

శనివారానికి వార్త మా మెట్లు ఎక్కి వచ్చింది. అక్తరీ బేగం గిన్నెలో సేమ్యా పాయసం పట్టుకొచ్చింది.

"ఏమ్మా దీవెనా, సీటొచ్చిందంట గదా. నాకు చెప్పనే లేదే నువ్వు?"

"ఇంకా రాలేదు ఆపా. మా ఆయన ముందే థాంక్స్ చెప్పారు."

ఆవిడ గిన్నె నాకు ఇవ్వాలో వద్దో తేల్చుకోలేక కాసేపు పట్టుకునే నిలబడింది. "మరి ఈ పాయసం?"

"పెట్టండి. ఎలాగూ తినాలి కదా."

"అవున్లే" అని లోపలికి వచ్చి తనే గిన్నెల్లో పోసింది. "మా పిల్లోడు రషీద్ కూడా అంతే. బండి కొనకముందే తాళంచెవికి గొలుసు కొన్న్యాడు. ఇప్పుడు ఆ గొలుసుకి మా ఇంటి తాళాలు తగిలించినా."

వచ్చే నెలలో ఒక శుక్రవారం కృతజ్ఞత కూడిక పెట్టుకుందామని పాస్టరుగారు ఫోన్ చేశారు. ఆరాధనలోనే కొంచెం సమయం ఇస్తారు, తర్వాత వెనక షెడ్డులో భోజనాలు. మా ఆయన సరేనన్నారు. అప్పటికి ఫలితం వచ్చేస్తుంది కదా అన్నారు నాతో. ఆ మాటలో మాత్రం గొంతు మామూలు సైజులోనే ఉంది.

ఫలితం వచ్చింది. కూడికకి ముందురోజు, గురువారం మధ్యాహ్నం. అక్తరీ బేగం ఇచ్చిన పెద్ద డేగిసా వంటింట్లో సగం ఆక్రమించి ఉంది. చికెన్ పెరుగులో నానుతోంది. సెలిన్ వచ్చి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడింది.

"మమ్మీ, రాలేదు."

"ఏం రాశారు?"

"ఈసారి చాలామంది మంచి విద్యార్థులు పోటీ పడ్డారంట. నా భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నారంట."

"కోరుకోవడానికి ఏం పోయింది" అన్నాను. చేతులకి మసాలా ఉంది, దగ్గరికి తీసుకుందామంటే కుదరలేదు. మోచేత్తో దాని భుజాన్ని తాకాను. అది నా మోచేతికి తల ఆనించి కాసేపు ఉంది.

"ఏడిస్తే ఏడువు" అన్నాను.

"తర్వాత ఏడుస్తాలే. డాడీకి నువ్వే చెప్పు."

ఉల్లిపాయలు తరిగేటప్పుడు కన్నీళ్ళొస్తే కారణం ఎవరూ అడగరని అంటారు. సాయానికి వచ్చిన అక్తరీ బేగం అడిగింది. చెప్పాను. ఆవిడ కత్తి కింద పెట్టి, "మరి రేపు ఈ కోడి ఎవరి కోసం?" అంది. ఇద్దరం మళ్ళీ తరగడం మొదలుపెట్టాం.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చుని విన్నారు.

"ఇది పరీక్ష" అన్నారు.

"పరీక్ష అయిపోయిందండీ. ఇది రిజల్టు."

"రేపటి కూడిక..."

"పాస్టరుగారికి ఫోన్ చేసి వాయిదా వేయించండి."

"ఏమని చెప్పనే? పోయినసారి నేను నిలబడి చెప్పింది అబద్ధమనా?"

సెలిన్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "అంతదాకా ఎందుకు డాడీ. పెద్ద యూనివర్సిటీ రాలేదు, దేవుడు మా కాలేజీలోనే ఉంచాడని చెప్పండి. నా మూడో సంవత్సరం సీటు ఉంది కదా. అందులో చేరతాను. అందుకే కూడిక పెట్టామని చెప్పండి. అది కూడా నిజమే."

ఆ మాట ఎంత తేలిగ్గా అందంటే, రెండేళ్ళ ఆశని అప్పుడే మడతపెట్టి బీరువాలో పెట్టేసినట్టు అంది. నాకు దాని మీద గౌరవం కలిగింది. మా ఆయన మాత్రం తల పైకెత్తలేదు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగారు. మళ్ళీ వచ్చి కూర్చున్నారు. మళ్ళీ లేచి వెళ్ళి తాగారు. ఉక్కపోతేమో అనుకున్నాను.

శుక్రవారం హాలు నిండా జనం. బిర్యానీ ఉందంటే మా సంఘానికి విశ్వాసం రెట్టింపవుతుంది. పాటలయ్యాయి, వాక్యం అయింది. పాస్టరుగారు మా ఆయన్ని పిలవబోతుంటే మధ్య వరసలోంచి పెంచలమ్మ గారు చెయ్యి ఎత్తారు.

పెంచలమ్మ గారిది నెల్లూరు. ఇబ్రాలో ఒక ఆస్పత్రిలో ఆయా. భర్త లేడు. కూతురు కెజియాని మబేలాలో తెలిసినవాళ్ళింట్లో పెట్టి చదివిస్తోంది, సెలిన్ చదివే కాలేజీలోనే, అదే క్లాసులో. నెలకొక శుక్రవారం బస్సెక్కి వస్తుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎప్పుడూ మైకు ముందుకి రాలేదు.

"నాకు మాట్లాడేది రాదయ్యా" అంది. "మా కెజియాకి మూడో సంవత్సరం సీటు రాలేదని చెప్పేసినారు. మార్కులు చాల్లేదంట. నేను తీసకపొయ్యి ఊర్లో పెండ్లి చేసేద్దామనుకున్నా. ఇంగేం చేసేది? ఈ సెలిన్ బిడ్డకి పెద్ద సీటు వచ్చింది గదా, ఆ బిడ్డ వదిలేసిన సీటు మా బిడ్డకి ఇచ్చినారు. స్యాం బాబు ఫోన్ చేసి చెప్పినాడు. నేను డ్యూటీలో నేల తుడస్తా ఉన్నా. అట్నే కూలబడి ఏడ్సినా. యెహెజ్కేలన్న సాక్ష్యం వట్టిగా పోలేదు. ఆ ఇంటిని దేవుడు సల్లగా సూడాల."

హాలంతా చప్పట్లు. స్యాం మూడో వరసలో కూర్చుని సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు, తన పెళ్ళి కుదిరినట్టు.

నేను ముందు సెలిన్ వంక చూశాను. అది చప్పట్లు కొడుతోంది. మెల్లగా, అందరితో పాటు, అందరూ ఆపినప్పుడు ఆపింది. తర్వాత మా ఆయన వంక చూశాను. ఆయన ముఖం చూశాక నిన్న అన్ని నీళ్ళు ఎందుకు తాగారో అర్థమైంది. ఆయనకి తెలుసు.

పాస్టరుగారు పిలిచారు. మా ఆయన వెళ్ళి నిలబడ్డారు. నిజం చెబుతారనే అనుకున్నాను. చెప్పే ముఖంతోనే వెళ్ళారు. కానీ ఎదురుగా పెంచలమ్మ గారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు, కెజియా పక్కనే కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది. బయట గిటార్లవాళ్ళు అద్దం దగ్గరికి వచ్చేశారు.

"దేవునికి స్తోత్రం" అన్నారు. చిన్న గొంతుతో, ఇంట్లో గొంతుతో. అంతే. వచ్చి కూర్చున్నారు.

ఆనందంతో మాట రావడం లేదని అందరూ అనుకున్నారు. పాస్టరుగారు సెలిన్‌ని ముందుకి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, పెద్ద యూనివర్సిటీలో ఆమె ప్రతి అడుగునీ కాపాడమని ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నారందరూ. నేనూ అన్నాను. నోటికి అలవాటు.

భోజనాల దగ్గర నేను డేగిసా పక్కన గరిటె పట్టుకుని నిలబడి స్యాం వంతు వచ్చేదాకా ఆగాను.

"ఏం నాన్నా, సెలిన్ సీటు నీ టేబుల్ మీదే ఉందన్నావుగా?"

"అవునాంటీ. అంకుల్ సాక్ష్యం చెప్పాక కూడా ఉంచాను. కానీ వెయిటింగ్ లిస్టులో పిల్లలు రోజూ వచ్చి అడుగుతున్నారు. అందుకని అంకుల్‌కి ఫోన్ చేసి అడిగాను, సెలిన్‌కి ఇంక ఈ సీటు అవసరం లేదు కదా అని."

"ఏమన్నారు?"

"కాసేపు ఏం మాట్లాడలేదాంటీ. తర్వాత, అవసరం లేదు బాబూ, స్తోత్రం అన్నారు. కన్ఫర్మ్ చేస్తూ ఒక మెసేజ్ పెట్టమంటే పెట్టారు కూడా." వాడు ప్లేటు ముందుకు చాపాడు. "ఏం ఆంటీ, ఏమైనా..."

"సెలిన్‌కి యూనివర్సిటీలో రాలేదు స్యాం."

వాడు నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆపాడు. ప్లేటులో నేను వేసిన ముక్క వంక చూస్తూ ఉండిపోయాడు.

"లిస్టు పైకి వెళ్ళిపోయిందాంటీ. మూసేశారు. ఇప్పుడు మారాలంటే ఒకటే దారి. కెజియా తనంతట తను వద్దని చెప్పాలి. ఆదివారం లోపల."

కెజియా అవతల బల్ల దగ్గర ఉంది. పెంచలమ్మ గారు ఇబ్రా బస్సు కోసం ఒక డబ్బాలో బిర్యానీ సర్దుకుంటున్నారు, రూమ్‌లో ఇంకో ఆయాకి ఇవ్వాలంట. నేను గరిటె పక్కన పెట్టి అటు నడిచాను. అడుగుదామనే వెళ్ళాను. నా కూతురిది ఆ సీటు, దాని మార్కులు, దాని రెండేళ్ళు. అడగడంలో తప్పేం కనిపించలేదు నాకు.

పెంచలమ్మ గారు నన్ను చూసి డబ్బా వదిలేసి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఫినాయిల్‌కి అరచేతులు పగిలి గరుగ్గా ఉన్నాయి.

"అమా, నీ బిడ్డ తిన్న ఎంగిలి విస్తరనుకోబాక. మాకు అది బంగారం" అంది.

"అయ్యో, అవేం మాటలండీ" అన్నాను. "పెరుగు చట్నీ వేసుకున్నారా?"

వేసుకోలేదంది. వేశాను. ఇంకో చిన్న డబ్బాలో కట్టి కూడా ఇచ్చాను. వెనక్కి తిరిగితే సెలిన్ ఉంది. నేను ఏం అడగడానికి వెళ్ళానో, ఏం అడగకుండా వచ్చానో రెండూ తెలిసినట్టే చూసింది.

"వద్దులే మమ్మీ" అంది.

"నేను ఏమీ అడగలేదు."

"తెలుసు. ఇంకోసారి వెళ్ళకు అంటున్నాను."

కెజియా పరుగెత్తుకుంటూ వచ్చి సెలిన్‌ని వాటేసుకుంది. "అక్కా, నీ ల్యాబ్ నోట్సు ఇస్తావా? నాకు హెమటాలజీ ఒక్క ముక్క అర్థం కాదు. నేను ఫెయిలైతే నీ పరువే పోద్ది."

"ఇస్తాను. రెండో సెమిస్టరువి కొంచెం గజిబిజిగా ఉంటాయి. ఇంటికి రా, చెప్తాను."

ఖాళీ డేగిసా డిక్కీలో పెట్టుకుని ఇంటికి బయల్దేరాం. వాడి కబీర్ మలుపు దగ్గర సిగ్నల్ పడింది. మా ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ఎర్రలైటుతో చెబుతున్నట్టు అన్నారు.

"ఉంచమందామనే అనుకున్నానమ్మా. నోటి దాకా వచ్చింది. కానీ ఎందుకైనా మంచిది, ఉంచు బాబూ అంటే... అది అవిశ్వాసం అవుద్ది కదా. దేవుడికి నా మీద కోపం వచ్చి ఆ పెద్ద సీటు ఇవ్వడేమోనని."

సెలిన్ వెనక నుంచి "ఊఁ" అంది.

"ఇవ్వలేదు" అన్నారాయన. "నేను నమ్మినా ఇవ్వలేదు."

లైటు మారింది. వెనక ట్యాక్సీవాడు హారన్ కొట్టాడు. ఆయన కదల్లేదు. "ఏమండీ, పచ్చలైటు" అన్నాను. అప్పుడు కదిలారు. ఆయన్ని తిట్టడానికి దారి పొడవునా మాటలు కూడబెట్టుకున్నాను, మంచి మాటలు, చాలాకాలం గుర్తుండేవి. ఒక్కటీ వాడలేదు.

తర్వాత చెయ్యవలసినవన్నీ చేశాం. సెలిన్ యూనివర్సిటీకి మళ్ళీ ఒకసారి రాసింది. అంతే మర్యాదగా జవాబు వచ్చింది. వచ్చే ఏడాది మళ్ళీ పెట్టుకోవచ్చుగానీ, అప్పటికి చదువులో ఖాళీ వచ్చినట్టవుతుంది కాబట్టి అవకాశం ఇంకా తగ్గుతుందట. ఇంకో రెండు ప్రైవేటు కాలేజీలకి వెళ్ళాం. కమ్యూనిటీ కాలేజీ సబ్జెక్టులు తాము ఒప్పుకోమని, మొదటి సంవత్సరం నుంచి చేరమని చెప్పారు. అక్కడి ఫీజుల కాగితాన్ని మా ఆయన బయటికి వచ్చాక మడిచి జేబులో పెట్టేసుకున్నారు. ఒక ల్యాబ్‌లో ఖాళీ ఉందంటే వెళ్ళింది. రెండేళ్ళ డిప్లొమా అని చూసి, రిసెప్షన్‌లో అయితే చూద్దామన్నారు. చూసి, అరబీ మాట్లాడేవాళ్ళని తీసుకున్నారు.

ఇండియా పంపిద్దామని మా ఆయన ఒకసారి అన్నారు. "ఏం చదవడానికి డాడీ?" అని సెలిన్ అడిగితే ఆయన చెప్పులేసుకుని పాలపాకెట్టుకి వెళ్ళారు.

శుక్రవారాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. "యూనివర్సిటీ ఎలా ఉంది సెలిన్?" అని సిస్టర్లు అడుగుతారు. మొదటి రెండు వారాలు నేను మాట మార్చాను. మూడో వారం ఉండబట్టలేక ఒకావిడతో నిజం చెప్పాను, రాలేదండీ అని. ఆవిడ నా చెంప మీద మెత్తగా తట్టి, "దిష్టి తగులుతుందని దాస్తున్నారు కదూ" అంది. ఆవిడకి దిష్టి మీద నమ్మకం ఉండకూడదు, కానీ ఉంది. స్యాంకి నిజం తెలుసు. వాడు ఇప్పుడు మమ్మల్ని చూస్తే బూటు లేసులు కట్టుకుంటాడు. ఈమధ్య లేసులు లేని బూట్లతో వచ్చి కూడా వంగాడు.

మా ఆయన సాక్ష్యానికి లేవడం మానేశారు. పాస్టరుగారు ఒకటి రెండుసార్లు ఆయన వైపు చూసి, ఇంకెవరినో పిలిచారు. హాలు తొందరగా ఖాళీ అవుతోందని గిటార్లవాళ్ళు సంతోషిస్తున్నారు.

శనివారాలు కెజియా వస్తుంది, మబేలా నుంచి బస్సు మారి. భోజనాల బల్ల మీద సెలిన్ నోట్సు పరుస్తుంది. సెలిన్ బాగా చెబుతుంది. అంత ఓపిక దానికి ఎక్కడిదో నాకు తెలీదు, మా ఇద్దరి వైపూ లేదు. తెల్లకణాలు ఎన్ని రకాలు, ఏది ఎలా కనిపిస్తుంది, బొమ్మ వేసి చూపిస్తుంది. మా బిల్డింగు కింద వర్క్‌షాపులో రేకులు కొడుతుంటారు. చప్పుడు మరీ ఎక్కువైనప్పుడు మాట ఆపి, తగ్గాక అక్కణ్ణుంచే మొదలుపెడుతుంది. కెజియా ఉన్నంతసేపూ మా ఆయన పడకగదిలోంచి బయటికి రారు. టీ లోపలికే ఇస్తాను.

పోయిన శనివారం కెజియా పెన్ను మూత పెడుతూ, "అక్కా, మీ యూనివర్సిటీ ల్యాబ్‌లో మైక్రోస్కోపులు కొత్తవంట కదా? నన్ను ఒక్కసారి తీసుకెళ్ళి చూపించవా?" అంది.

సెలిన్ చేతిలో పెన్సిలు కింద పెట్టింది. "నాకు అక్కడ సీటు రాలేదు కెజియా" అంది. "ఎప్పుడూ రాలేదు. నేను ఎక్కడా చదవడం లేదు. ఇంట్లోనే ఉంటున్నాను."

నేను వంటింట్లో గ్లాసు పట్టుకుని ఆగిపోయాను. పడకగదిలో మంచం కిర్రుమంది.

కెజియా దాని ముఖంలోకి చూసింది. తర్వాత పకపకా నవ్వింది. "పో అక్కా, జోకులు. మీ డాడీ చర్చిలో చెప్పారుగా" అంది. "తీసుకెళ్ళడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. నేనేమన్నా అనుకుంటానా?"

సెలిన్ నా వైపు చూడలేదు. నోట్సు తన వైపు తిప్పుకుని, కాగితం అంచు సరిచేసింది.

"సరే. తర్వాతది ప్లేట్‌లెట్లు. రాసుకో" అంది.